బుగ్గలో ముద్ద

సోమవారం, ఆగస్టు 18

పొద్దుటినుంచి ముసురు. నీళ్ళ ఫిల్టర్ విప్పి కడిగాను. అడుగున ఎర్రమట్టి పేరుకుపోయి ఉంది.

మధ్యాహ్నం రాయదుర్గంలో ఒక ఆఫీసు మీటింగ్ గదిలో నిచ్చెన మీద ఉండగా బడినుంచి ఫోను. సీలింగు మైకు ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో మాట్లాడాను. నవనీత టీచరు.

"యశస్విని ఫాదరేనాండి? పాప మళ్ళీ నోట్లో అన్నం పెట్టుకునే పడుకుందండి. ఆయా వేలు పెట్టి తీయబోతే కొరికేసింది. నిద్రలో గొంతుకు అడ్డం పడితే ఎవరండీ బాధ్యత?"

క్షమించమన్నాను. ఎవరి తరఫున అడిగానో నాకే తెలియదు.

జూన్‌లో బడిలో వేసినప్పటినుంచీ ఇదే గొడవ. నాలుగేళ్ళ పిల్ల. ముద్ద పెడితే తీసుకుంటుంది. పేచీ లేదు, ఏడుపు లేదు. తీసుకుని కుడి బుగ్గలో పెట్టుకుంటుంది. ఇక అక్కడే ఉంటుంది. బొమ్మలు వేసుకుంటుంది, మెట్లు దిగుతుంది, తలుపు చాటున దాక్కుంటుంది, ముద్ద మాత్రం కదలదు. పిల్లల డాక్టరు నోరంతా చూసి గొంతు బాగుంది, పళ్ళు బాగున్నాయి, అలవాటు, మాన్పించండి అన్నాడు. ఎలా మాన్పించాలో అడిగితే ఇంకోసారి రమ్మన్నాడు.

మొండిది. ఇంకో మాట లేదు.

డబ్బా కడిగాను. వెళ్ళింది పప్పన్నం. తిరిగొచ్చింది పప్పన్నం.

మంగళవారం, ఆగస్టు 19

వెళ్ళింది దోసె. తిరిగొచ్చింది దోసె, ఒక మూల తడిసి. డబ్బా కడిగాను.

గురువారం, ఆగస్టు 21

వాన. బాల్కనీ గొట్టంలో అడ్డం పడ్డ ఆకులు తీశాను.

యూట్యూబులో ఒకావిడ దోసెను చేపలా పోసింది. ఆవిడ కొడుకు తిన్నాడు. నేనూ పోశాను. యశి చేపను చూసి ముచ్చటపడింది, తోక తుంచింది, బుగ్గలో పెట్టుకుంది. నిన్న ఇడ్లీలో క్యారెట్ తురుము దాస్తే ఇడ్లీని విప్పి, ఒక్కో పోగూ బయటికి లాగి, పళ్ళెం అంచున వరసగా పేర్చింది. మీటింగ్ గదిలో తీగలు అంత శుభ్రంగా నేను కూడా పేర్చను.

"నమిలి మింగు తల్లీ," అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"పోనీ, ఊరికే మింగెయ్."

దానికీ తల ఊపింది.

ప్రియ బ్యాగు భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు దూరుస్తోంది. "క్యాబ్ వచ్చింది. ఇగ చాలు రంగా, దాన్ని పరేషాన్ చెయ్యకు. నువ్వు పరేషాన్ గాకు."

"నేనేం పరేషాన్ కాలేదు."

"మరి ఆ గరిటె ఎందుకు అట్ల లేపినవ్?"

గరిటె చేతిలో ఉన్నమాట నిజమే. దోసెలు పోస్తున్నవాడి చేతిలో గరిటె కాక ఏముంటుంది.

సాయంత్రం నేను కేకలు వేయలేదు. కొంచెం గట్టిగా చెప్పాను. పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు తీసి చూశారంటే వాళ్ళకు పని లేక.

డబ్బా కడిగాను.

ఆదివారం, ఆగస్టు 24

మియాపూర్లో ప్రియ పుట్టింటికి వెళ్ళాం. అత్తయ్య నాతో నేరుగా మాట్లాడదు. పెళ్ళైన కొత్తలో మర్యాదకు మొదలుపెట్టింది, అలాగే నిలిచిపోయింది. నాకు చెప్పాల్సింది ఏదైనా యశికి చెబుతుంది.

"మీ నాయినకు చెప్పు బిడ్డా, పోరిని పుల్లలెక్క చేసిండని."

అన్నం, పప్పు, నెయ్యి కలిపి మిక్సీలో వేసి జావలా తిప్పింది. ఫోన్లో బొమ్మలు పెట్టి చెంచాతో పట్టించింది. యశి కళ్ళు ఫోన్ మీదినుంచి తీయకుండా గిన్నె ఖాళీ చేసింది. బుగ్గలో వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు.

అత్తయ్య గిన్నె బోర్లించి నాకు కనపడేలా పట్టుకుంది. "అడుగు మీ నాయినను, ఇప్పుడేమంటడో."

నాలుగేళ్ళ పిల్లకు అన్నం మిక్సీలో వేసి తాగించడం అన్నం పెట్టడం కాదు. అక్కడ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

వచ్చేటప్పుడు బండి మీద వెనకనుంచి ప్రియ ఏదో అంది. గాలికి వినపడలేదన్నాను.

"అమ్మ దీన్ని ఉంచుకుంట అంటుంది" అని అంది. మొదటిసారే వినపడింది.

బుధవారం, ఆగస్టు 27

చవితి. పూజ మొదట్లో ఒక ఉండ్రం బుగ్గలో పెట్టుకుంది. హారతి అయ్యాక తీసి వినాయకుడి ముందు పెట్టింది. ఆయనకైనా ఓపిక ఉంది.

మంగళవారం, సెప్టెంబరు 2

ఎండా వానా కలిసి. స్టూలు కాలికి మేకు కొట్టాను.

బళ్ళో మాట్లాడటానికి రమ్మన్నారు. ప్రియ ఒక పూట సెలవు పెట్టింది. ప్రిన్సిపాలు మేడం మంచిగానే మాట్లాడింది. అదే ఇబ్బంది. అరిస్తే ఏదో ఒకటి అనవచ్చు. నోట్లో అన్నంతో నిద్రపోయే పిల్లను తాము ఉంచుకోలేమని, దసరా సెలవులిచ్చేలోపు మానకపోతే ఆ తర్వాత రోజూ భోజనాల బెల్లుకు ముందే తీసుకెళ్ళాలని చెప్పింది.

రోజూ భోజనాల వేళకు వెళ్ళడం ప్రియకు కుదరదు. నాకూ కుదరదు. మీటింగ్ గదులు ఖాళీగా ఉండేది ఆ వేళకే, నా పనంతా అప్పుడే. బడి వదిలే టైముకు ఎలాగో వెళ్ళి తెస్తున్నాను.

కొత్తగూడ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ప్రియ చెప్పింది. "బతుకమ్మకు అమ్మోళ్ళింటికి పోతం గదా. అట్లనే దీన్ని అక్కడ ఉంచొద్దాం. ఆ గల్లీలనే బడి ఉంది. ఐదు రోజులు అమ్మ దగ్గర, శని ఆదివారాలు మన దగ్గర. నాకు మాత్రం మంచిగనిపిస్తుందా? కానీ దానికేమన్న అయితే?"

సరే అన్నాను. ఇంకేమనాలి.

పొద్దున యశికి జడలు వేసేది నేను. మైకులు బాగుచేయడం ఎలా నేర్చుకున్నానో ఇదీ అలాగే, చూసి, విప్పి, మళ్ళీ కట్టి నేర్చుకున్నాను. మియాపూర్లో అత్తయ్య వేస్తుంది. బాగానే వేస్తుంది.

చిన్న స్క్రూడ్రైవరు ఒకటి కనపడటం లేదు. ఇల్లంతా వెతికాను.

డబ్బా కడిగాను.

బుధవారం, సెప్టెంబరు 3

జడ కుదరలేదు. విప్పి వేశాను, మళ్ళీ విప్పాను. బడికి ఆలస్యం.

మంగళవారం, సెప్టెంబరు 9

మబ్బు. ఫ్యాను రెక్కలు తుడిచాను.

అమ్మ ప్రొద్దుటూరినుంచి ఫోన్ చేసింది, అన్నయ్య ఇంటినుంచి. విషయం చెప్పాను. మియాపూర్ సంగతి మాత్రం చెప్పలేదు.

"నా చేతికి ముద్దకు ముద్ద మింగినాది కదరా! బువ్వ పెట్టేది చేతగాక పిల్లను అంటాండారు."

నిజమే. ఎండాకాలం రెండు నెలలు అమ్మ ఇక్కడే ఉంది. రోజూ సంగటి. రాగిపిండి గెలికి, ముద్ద చేసి, గుంటలో నెయ్యి పోసేది. సంగటి నమిలే తిండి కాదు. తుంచి, పులుసులో ముంచి, గుటుక్కున మింగాలి. నాకు మాటలు రాకముందే వచ్చిన విద్య. యశికి వారంలో పట్టుబడింది. ప్రియకు మాత్రం ఇన్నేళ్ళైనా రాలేదు, నోట్లో పెట్టుకుని నములుతుంది. అమ్మ చూసి, "సూడు సూడు, మీ యమ్మ ఎనుము మాదిరి నెమరేస్తాంది!" అనేది. ఎనుమంటే మా వైపు గేదె. యశి పడీపడీ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఇంట్లో అందరం కలిసి నవ్వుకున్న రోజులు. ప్రియ కూడా నవ్వేదనే గుర్తు.

పిల్ల అప్పుడు బాగా తినేది. మియాపూర్ మిక్సీ వచ్చాకే పాడైంది.

సంగటి పెట్టి చూడాలి. ఆదివారం మెస్‌కు తీసుకెళ్తాను.

డబ్బా కడిగాను.

ఆదివారం, సెప్టెంబరు 14

పొద్దున వాన, తర్వాత తెరిపి. బండి కడిగాను. ప్రియకు తలనొప్పి, రాలేదు. యశీ నేనూ కొండాపూర్లోని రాయలసీమ మెస్‌కు వెళ్ళాం.

సంగటి, కోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. యశి కుర్చీలో మోకాళ్ళ మీద కూచుంది. చిన్న ఉండ చేసి పులుసులో ముంచి నోటికి అందించాను. గుటుక్కుమంది. నోరు తెరిచి చూపించింది. ఖాళీ. ఇంకోటి. అదీ ఖాళీ. నాకు అక్కడికక్కడే అమ్మకు ఫోన్ చేయాలనిపించింది.

పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రవాళ్ళు, ఆదివారం కూడా మెడలో ఆఫీసు ట్యాగుతో. ఒకతను పెద్ద ముక్క నోట్లో పెట్టుకుని నమలసాగాడు. సంగటి పళ్ళకు అంటుకుని అవస్థ పడుతున్నాడు. యశి చూసింది. కుర్చీ మీద లేచి నిలబడి, వేలు చాచి, మెస్సంతటికీ వినపడేలా అంది.

"నాన్నా, సూడు సూడు! ఆ అంకుల్ ఎనుము మాదిరి నెమరేస్తాండాడు!"

అచ్చం అమ్మ గొంతు.

ఆ కుర్రవాడి దవడ ఆగిపోయింది. "ఎవరు, నేనా?" అన్నాడు నోటినిండా ముద్దతో. పక్కవాడు బల్ల చరిచి నవ్వుతున్నాడు. "సురేంద్రా, నీకీ పేరే కరెక్ట్‌రా!"

చిన్నపిల్ల, ఏమీ అనుకోవద్దన్నాను.

"పర్లేదన్నా. మరి ఎట్ల తినాల్నో మేడంనే చెప్పమను."

"నమలద్దు. మింగాల," అని చెప్పింది మేడం. "నమిలితే జేజి నగుతాది."

జేజి అంటే మా అమ్మ, నగుతాది అంటే నవ్వుతుందని. యశిని కుర్చీలో కూచోబెట్టి అడిగాను.

"బళ్ళో అన్నం నమలొచ్చు కదా తల్లీ?"

"నమిలితే జేజి నగుతాది."

"జేజి బళ్ళో లేదు కదా."

"ఫోన్లో చూస్తది."

"అయితే మింగెయ్."

"నమలకుండ మింగితే నవనీత టీచర్ తిడతది. కడుపుల నొప్పి వస్తదంట."

"మరి ఏం చేస్తావు?"

ఇంత తెలియదా అన్నట్టు నన్ను చూసి, వేలితో కుడి బుగ్గ తట్టి చూపించింది.

ఇంతే. ఇంత పిల్ల ఎవరి మాటా కాదనలేదు. జేజి మాట వింది, టీచరు మాట వింది, రెండూ ఒకేసారి వినడానికి బుగ్గ తప్ప చోటు దొరకలేదు. నేను మూడు నెలలుగా మొండిదంటున్నాను. అత్తయ్య గిన్నె ఎందుకు ఖాళీ అయిందో కూడా తెలిసింది. అందులో నమలడానికేమీ లేదు.

పులుసు చల్లారింది. నేను సరిగా తినలేదు.

సోమవారం, సెప్టెంబరు 15

ఉక్క. అద్దాలు తుడిచాను.

ప్రియ బట్టలు మడతపెడుతుంటే చెప్పాను. అమ్మ ఏదో సరదాకి అన్న మాట పిల్ల పట్టుకుందని చెప్పాను.

"ఏదో అన్నది కాదు. నన్ను అన్నది."

"సరదాకే కదా."

ఆమె యశి గౌను రెండోసారి మడిచింది. "మీ అమ్మ ఉన్నన్ని దినాలు నేను వంటింట్ల నిలవడి తిన్న. చూసినవా నువ్వు?"

"ఆఫీసు తొందరేమో అనుకున్నాను."

"రాత్రిపూట గూడ ఆఫీసేనా?"

పక్కన కూచుని తువ్వాళ్ళు మడతపెట్టాను. మడతలు సరిగా రాలేదు, ఆమె మళ్ళీ విప్పి వేసుకుంది.

సెప్టెంబరు 9న రాసింది ఇప్పుడే చదివాను. ప్రియ కూడా నవ్వేదని రాశాను. కొట్టేద్దామనుకుని ఊరుకున్నాను. రాసినదాంట్లో కొట్టివేతలు నాకు నచ్చవు.

డబ్బా కడగడం ప్రియ చేసింది.

మంగళవారం, సెప్టెంబరు 16

సాయంత్రం అమ్మకు వీడియో కాల్ చేశాను. ముందు యశిని బాల్కనీలోకి పంపాను.

"సంగటి నమలమని నేను సెప్పాల్నా? నీకు బుద్ధుందా? పండ్లకంతా అంటుకుంటే లోపలికి యాడ పోతాది?"

"సంగటి కాదమ్మా, బువ్వ."

"బువ్వ నమలద్దని నేనెప్పుడంటిరా?"

"అనలేదు. నవ్వినావు."

"నగితే తప్పా? నువ్వు నగల్యా?"

సిగ్నల్ సరిగా లేదన్నాను.

అమ్మ తెరకు ఇంకా దగ్గరగా వచ్చింది. "ఈడ బాగనే ఇనపడతాంది," అంది. ఇక తప్పలేదు. దసరా తర్వాత పిల్లను మియాపూర్లో ఉంచాల్సి వస్తుందని చెప్పాను. చెబుతూ రెండుసార్లు ముక్కు తుడుచుకున్నాను. వానలకు జలుబు చేసింది.

అమ్మ చెంగుతో మూతి తుడుచుకుంది. "పిల్లను పిలు," అంది.

"తల్లీ, బువ్వ బాగా నమలు. నేను నగనులే. ఒట్టు."

యశి తెరను చూసింది, నా ముందు అప్పుడే ఖాళీ అయిన పళ్ళెం చూసింది, ఫోన్ నాకిచ్చేసింది.

"నాన్న నమలడుగా," అంది.

నేను ఏది తిన్నా నిజంగానే పళ్ళు కలవకముందే లోపలికి పోతుంది. పనిచోట అలవాటు. ఇంకొకరి మీటింగుకు గది ఖాళీ చేయాలి కదా. ఇదంతా నాలుగేళ్ళ పిల్లకు చెప్పాలా? చెప్పాను. వినలేదు.

డబ్బా కడిగాను. తిరిగొచ్చింది అంతా.

బుధవారం, సెప్టెంబరు 17

వాన వస్తూ పోతూ. రాగిపిండి తెచ్చి జల్లించాను.

సంగటి చేశాను. అమ్మను అడిగితే కొలత చెప్పేది, కానీ అడగలేదు. ఉండలు కట్టింది. ప్రియ ఆఫీసునుంచి వచ్చేసరికి పళ్ళేలు పెట్టి ఉంచాను. ఆమె అలవాటుగా తన పళ్ళెం తీసుకుని వంటింటి గట్టు వైపు నడిచింది. కుర్చీ లాగాను. నన్నూ కుర్చీనీ చూసి, కూచుంది.

యశి ముందు అన్నం, ఆలుగడ్డ కూర పెట్టాను. నేను సంగటి తుంచి నోట్లో పెట్టుకుని నమిలాను.

పుట్టి బుద్ధెరిగాక సంగటి నమలడం ఇదే మొదలు. బంక. పై పళ్ళూ కింది పళ్ళూ అతుక్కుపోయాయి. దవడ లాగితే చెవి దగ్గర టక్కుమంది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. మింగేయాలని గొంతు పీకుతోంది. మింగలేదు. నమిలాను.

"నాన్న ఎనుము!" అంది యశి.

ముందు ప్రియ నవ్వు ఆపుకుంది. తర్వాత ఆపుకోలేదు. పమిట చాలక పక్కనున్న తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. యశి బల్ల కొడుతూ నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. నమలడం ఆపలేదు.

యశి నవ్వు మానేసి కుర్చీ దిగి వచ్చింది. నా రెండు బుగ్గలూ పట్టుకుని కిందికీ పైకీ కదిపింది.

"అట్ల గాదు నాన్నా. పళ్ళు కలవాల. కిందికి, పైకి. నీకు ఏం రాదు." ఒక ఆలుగడ్డ ముక్క తన నోట్లో వేసుకుంది. "నన్ను చూడు."

నమిలింది. నాకు నేర్పడానికి, కళ్ళు పెద్దవి చేసి, చప్పుడు చేస్తూ నమిలింది. మింగింది. నోరు తెరిచింది. ఖాళీ.

"నువ్వు తెరువు," అంది. తెరిచాను.

"నీది అంత అట్లనే ఉంది!" అని విసుక్కుంది. విసుగు నా పోలికే.

ప్రియ ఇవాళ రెండోసారి వడ్డించుకుంది, కూచునే.

గురువారం, సెప్టెంబరు 18

తిరిగొచ్చింది సగం. నోట్లో ఏమీ లేకుండా పడుకుందని నవనీత టీచరు చెప్పింది. నమ్మలేదు. గేటు దగ్గరే నోరు తెరిపించి చూశాను. డబ్బా కడిగాను.

శుక్రవారం, సెప్టెంబరు 19

మబ్బు విడిచింది. స్టూలు కాలు మళ్ళీ ఊడితే మళ్ళీ మేకు కొట్టాను. స్క్రూడ్రైవరు యశి బొమ్మల డబ్బాలో దొరికింది.

ఇవాళ కూడా బుగ్గ ఖాళీ. ఇలాగే ఉంటే సెలవుల తర్వాత భోజనం చేశాక కూడా ఉంచుకుంటామని ప్రిన్సిపాలు మేడం అంది. ప్రియ మియాపూర్ ఫోన్ చేసి, "బతుకమ్మకు వస్తమమ్మా. ముగ్గురం వస్తం, ముగ్గురం పోతం," అని చెప్పింది. అత్తయ్య ఫోన్ యశికి ఇవ్వమంది.

"మీ నాయినను అడుగు బిడ్డా, నా మిక్సీ ఇగ అమ్ముకోవాల్నా ఏందని."

ఫోన్ నేనే తీసుకుని, మిక్సీ ఉంచుకోండత్తయ్యా, పచ్చళ్ళకు పనికొస్తుందన్నాను. నేరుగానే అన్నాను. అవతలినుంచి, "మంచిది బాబూ," అని వినపడింది.

కష్టాలు తీరాయని కాదు. ఇప్పుడు అన్నీ నములుతోంది. పాలు నములుతోంది. పెరుగు నములుతోంది. మంచినీళ్ళు కూడా నమిలి మింగుతోంది, వద్దంటే టీచర్ చెప్పిందంటుంది. బీన్సు ముక్క నమిలి, ఆలోచించి, నా అరచేయి తెరిపించి అందులో ఉమ్మింది. బాగాలేదంట. ముందు నోట్లో దాచేది, ఇప్పుడు నా చేతిలో పెడుతోంది. భోజనానికి కూచుంటే లేచేసరికి ప్రాణం పోతోంది, ఎందుకంటే అందరి నోళ్ళూ చూసిగానీ ఎవరినీ లేవనివ్వదు. ప్రియ నోరు బాగుందంట. నాది రోజూ బాగాలేదు.

ఇప్పుడు కూడా బల్ల దగ్గరనుంచి అరుస్తోంది. పెరుగన్నం నమలకుండా మింగి లేచొచ్చేశానట. "నాన్నా, దొంగ! ఇటు రా! నోరు తెరువు!" ప్రియ దాన్ని ఆపకపోగా, "పో, పిలుస్తుంది మేడం," అంటోంది. బడి సంచి ఇంకా తలుపు దగ్గరే ఉంది, డబ్బా అందులోనే. ముందు అది తీసి కడగాలంటే వినదు, వచ్చి పెన్ను లాక్కుంటోంది.